బోల్టుకు నూనె రాస్తే: మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ ప్రొఫెసర్ చేసే పని

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉంది. వాళ్ళబ్బాయి డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో సంవత్సరంలో చేరి, మెకానికల్ పూర్తి చేశాడు. కిందటేడు అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఆఫర్ లెటర్ చేతికి రాగానే బాబాయి నాకు ఫోన్ చేశాడు. "ఏరా, మెకానికల్ ఇంజినీరింగ్ అని రాసి, చివర టెక్నాలజీ అని తోక తగిలించారు. ఆ తోక ఏంటి? ఇది ఇంజినీరింగేనా, కాదా? బ్యాంకులో కూడా అదే అడుగుతున్నారు."

ఆ రాత్రి తమ్ముడు ఇంకొకటి పంపించాడు. తనకు గైడుగా ఉండబోయే ప్రొఫెసర్ బయోడేటా, 14 పేజీలు. పరిశోధన పత్రాలు రెండు పేజీల్లో అయిపోయాయి. ‘సర్వీస్’ అనే శీర్షిక కింద మాత్రం ఐదు పేజీలు ఉన్నాయి. "అన్నయ్యా, ఈయన నిజంగా చదువు చెప్పేవాడేనా, కమిటీల్లో తిరిగేవాడా?" అని అడిగాడు.

నేను అమెరికాలో అలాంటి శాఖలోనే రెండేళ్ళు ల్యాబ్ అసిస్టెంటుగా ఉన్నాను. తండ్రి అడిగిన ప్రశ్నకూ కొడుకు అడిగిన ప్రశ్నకూ జవాబు ఒక్కచోటే ఉంది. కాకపోతే ఒక్క వాక్యంలో చెప్పలేను, అందుకే ఈ వ్యాసం.

ఆ ల్యాబ్‌లో ప్రతి సెమిస్టరూ చేయించే ఒక ప్రయోగం ఉంది. టేబుల్ మీద రెండు ఎమ్12 బోల్టులు, అంటే 12 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నవి, పెడతారు. రెండూ ఒకే పెట్టెలోవి, 8.8 గ్రేడువి. ఒకటి పొడిగా ఉంటుంది, రెండోదానికి థ్రెడ్ల మీదా తల కిందా నూనె రాస్తారు. తిప్పే బలాన్ని, అంటే టార్కును, కొలిచే రెంచిని 84 న్యూటన్ మీటర్లకు సెట్ చేసి రెండింటినీ ఒకేలా బిగించమంటారు. బోల్టు లోపల ఎంత లాగుడు పుట్టిందో చూపే హైడ్రాలిక్ గేజి పక్కనే ఉంటుంది. రెంచి రెండుసార్లూ ఒకేలా క్లిక్‌మంటుంది, చేతికి తేడా తెలియదు. గేజి ముల్లు మాత్రం పొడి బోల్టుకు మూడున్నర టన్నుల దగ్గర ఆగుతుంది, నూనె రాసినదానికి నాలుగున్నర టన్నులు దాటిపోతుంది. ఆ బోల్టు శాశ్వతంగా సాగకుండా తట్టుకోగల బరువు, ప్రూఫ్ లోడ్ అంటాం, దాదాపు 49 కిలోన్యూటన్లు. అంటే 5 టన్నులకు కాస్త తక్కువ. నూనె చుక్కతో బోల్టు దాని హద్దు అంచుకు వచ్చేసిందన్నమాట.

సూత్రం చిన్నదే. టార్కును బోల్టు వ్యాసంతోనూ, ‘కె’ అనే గుణకంతోనూ భాగిస్తే లాగుడు బలం వస్తుంది. పొడి ఉక్కుకు కె సుమారు 0.2, నూనె ఉంటే 0.15 దగ్గరకు పడిపోతుంది. లెక్క వేస్తే మొదటిదానికి 35 కిలోన్యూటన్లు, రెండోదానికి 46 దాటి వస్తుంది. మనం పెట్టే టార్కులో సగం బోల్టు తల కింద ఘర్షణకే పోతుంది, ఇంకో 40 పాళ్ళు థ్రెడ్ల మధ్య ఘర్షణకు పోతాయి. నిజంగా బోల్టును సాగదీసి బిగించేది మిగిలిన పదోవంతే. ఘర్షణ కాస్త మారితే ఆ పదోవంతు ఎంతగానో మారిపోతుంది.

మెకానికల్ ఇంజినీరింగ్ తరగతిలో ఈ సూత్రాన్ని థ్రెడ్ కోణం దగ్గర మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా రాబడతారు. మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ తరగతిలో సూత్రం ముందే ఇచ్చి, ఇరవై బోల్టులు బిగించమంటారు. ఇరవై రీడింగులూ ఇరవై రకాలుగా ఎందుకు వచ్చాయో, ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద ఆ తేడాను ఎలా అదుపులో పెట్టాలో రిపోర్టు రాయమంటారు. అక్కడివాళ్ళు అసలు బోల్టు ముట్టరనీ, ఇక్కడివాళ్ళకు కాల్క్యులస్ రాదనీ దీని అర్థం కాదు. రెండు చోట్లా రెండూ ఉంటాయి, బరువు ఎటు వేశారన్నదే తేడా.

చీలిక ఎక్కడ వచ్చింది

ఒకప్పుడు అమెరికాలోనూ ఇంజినీరింగ్ అంటే డ్రాయింగ్ బల్ల, ఫౌండ్రీ, మెషిన్ షాపే. రెండో ప్రపంచ యుద్ధం ఆ నమ్మకాన్ని కదిపింది. రాడార్, అణుశక్తి లాంటి పెద్ద ఆవిష్కరణల వెనక భౌతిక శాస్త్రవేత్తల పేర్లే ఎక్కువగా వినిపించాయి. అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజినీరింగ్ ఎడ్యుకేషన్ 1952లో ఎల్. ఇ. గ్రింటర్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీ ముసాయిదాలో చాలా ముక్కుసూటి సూచన ఒకటి ఉంది. ఇంజినీరింగ్ డిగ్రీని రెండు పాయలు చేసి, ఒకటి సైన్సు, పరిశోధనల వైపు, రెండోది సాధారణ ఇంజినీరింగ్ వృత్తి వైపు నడపాలన్నది. కాలేజీలు ఒప్పుకోలేదు. రెండో పాయలో పడితే పరువు పోతుందని అందరికీ భయం. 1955లో వచ్చిన తుది నివేదికలో ఆ చీలిక లేదు. సైన్సు పెంచాలన్న భాగం మాత్రం నిలిచింది. ఘన పదార్థాల యాంత్రిక శాస్త్రం, ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, విద్యుత్ సిద్ధాంతం, పదార్థ శాస్త్రం అనే ఆరింటినీ ఇంజినీరింగ్ చదువుకు పునాదిగా నిలబెట్టింది. రెండేళ్ళకే, 1957 అక్టోబరు 4న, సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పైకి పంపింది. ఇక అడ్డు లేకుండా పోయింది. కొత్త సబ్జెక్టులకు చోటు కావాలంటే పాతవి పోవాలి. పోయినవి షాపు తరగతులు, డ్రాయింగ్ గంటలు.

కాలేజీలు మారాయి కానీ ఫ్యాక్టరీకి కావలసిన మనిషి మారలేదు. డ్రాయింగు చదివి, మెషిను ఎదురుగా నిలబడి, ఈ టాలరెన్సు (కొలతలో అనుమతించే తేడా) ఇక్కడ రాదు, డిజైను మార్చండి అని చెప్పగలిగిన మనిషి కావాలి. యుద్ధకాలంలో ప్రభుత్వం కాలేజీల ద్వారా నడిపిన సాంకేతిక శిక్షణలో దాదాపు 18 లక్షల మంది నేర్చుకున్నారు. ఆ శిక్షణ నుంచీ, అంతకుముందే ఉన్న రెండేళ్ళ టెక్నికల్ ఇనిస్టిట్యూట్ల నుంచీ నాలుగేళ్ళ ఇంజినీరింగ్ టెక్నాలజీ డిగ్రీ పుట్టుకొచ్చింది. పర్‌డ్యూ యూనివర్సిటీ 1964లో స్కూల్ ఆఫ్ టెక్నాలజీ పెట్టింది. దాని మొదటి డీన్ చార్లెస్ లాషే ఇంజినీరు కాదు, ఫ్యాక్టరీ పనివాళ్ళ మీద పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త. నాకు ఆ ఎంపిక చాలా నచ్చుతుంది. యంత్రం కంటే ముందు యంత్రం దగ్గర నిలబడే మనిషిని చూసినవాడి చేతిలో ఆ చదువు పెట్టారు. యాభై ఏళ్ళ తర్వాత అదే పర్‌డ్యూ ఆ కాలేజీకి పాలిటెక్నిక్ అని పేరు పెట్టుకుంది. మన దగ్గర కొడుకు పాలిటెక్నిక్‌లో చేరాడని చెప్పడానికి కొందరు తండ్రులు గొంతు తగ్గిస్తారు.

గ్రింటర్ కమిటీ ముసాయిదా సూచించిన రెండు పాయలను కాలేజీలు వద్దన్నాయి కదా, చివరికి రెండు పాయలే అయ్యాయి. కాకపోతే కావాలని వేసిన ప్రణాళికతో కాకుండా, ఖాళీ పడ్డచోట మొలకెత్తినట్టు అయ్యాయి. ఇప్పటికీ ఈ రంగం తన గురించి తాను చెప్పుకోవాల్సి రావడానికి కారణం అదేనని నేను అనుకుంటాను. నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ 2017 నివేదిక ప్రకారం, 2014లో అమెరికాలో నాలుగేళ్ళ ఇంజినీరింగ్ డిగ్రీలు దాదాపు 94 వేలు, నాలుగేళ్ళ ఇంజినీరింగ్ టెక్నాలజీ డిగ్రీలు 18 వేలకు దగ్గరగా ఉన్నాయి. అయిదింట ఒకటి అన్నమాట. ఇంజినీరింగ్‌కు ఇది చిన్న తమ్ముడు లాంటిది.

ఇక బాబాయి అడిగిన తోక. అమెరికాలో కోర్సుల నాణ్యతను తూచే సంస్థ పేరు ఏబెట్. 1932లో వేరే పేరుతో మొదలై, 1980లో ఈ పేరు పెట్టుకుంది. అందులో ఇంజినీరింగ్ కోర్సులకు ఒక కమిషన్, ఇంజినీరింగ్ టెక్నాలజీ కోర్సులకు ఇంకో కమిషన్ ఉన్నాయి. మొదటిది తన విద్యార్థి ‘సంక్లిష్టమైన’ ఇంజినీరింగ్ సమస్యలు తీర్చగలగాలంటుంది. రెండోది ‘విస్తృతంగా నిర్వచించిన’ సమస్యలు తీర్చగలగాలంటుంది. దేశాల మధ్య గుర్తింపు ఒప్పందాలూ ఇదే వరసలో ఉన్నాయి. ఇంజినీర్లకు 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందం, టెక్నాలజిస్టులకు 2001 నాటి సిడ్నీ ఒప్పందం, టెక్నీషియన్లకు 2002 నాటి డబ్లిన్ ఒప్పందం. మన దేశం ఇక్కడి కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ ద్వారా 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం తీసుకుంది.

మనవాళ్ళు తికమక పడేది ఇక్కడే. మన దగ్గర డిప్లొమా, బీటెక్ అనేవి ఒకదాని మీద ఒకటి ఉన్న మెట్లు. కింది మెట్టు మూడేళ్ళు, పై మెట్టు నాలుగేళ్ళు. అమెరికాలో ఇంజినీరింగ్, ఇంజినీరింగ్ టెక్నాలజీ పక్కపక్కన నడిచే రెండు దారులు, రెండూ నాలుగేళ్ళవే. మెట్ల లెక్కతో దారులను చూస్తే ఒకటి పైనా ఒకటి కిందా కనిపిస్తుంది. అలాగని తేడా లేదనీ చెప్పలేను. ఇంజినీరుగా వృత్తి చేయడానికి రాష్ట్రం ఇచ్చే ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సు దగ్గర తేడా ఉంది. టెక్సస్‌లో ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్ళకు 4 ఏళ్ళ అనుభవం సరిపోతుంది, టెక్నాలజీ డిగ్రీ ఉన్నవాళ్ళకు 8 ఏళ్ళు కావాలి. రాష్ట్రాన్ని బట్టి నిబంధన మారుతుంది. మా తమ్ముడికి బీటెక్ ముందే ఉంది కాబట్టి అతని సంగతి వేరు. కానీ అక్కడే పుట్టి పెరిగి ఈ కోర్సులో చేరబోయే మన పిల్లలు ఈ మాట చేరకముందే తెలుసుకోవాలి.

మెట్లు ఎక్కే లెక్క

తమ్ముడి ప్రశ్నకు వద్దాం. బయోడేటాలో మొదటి అయిదారు పంక్తులు ఆయన ఎక్కడ పనిచేశాడో చెబుతున్నాయి. పంపులు తయారుచేసే కంపెనీలో 11 ఏళ్ళు చేసి, ఆ తర్వాతే యూనివర్సిటీకి వచ్చాడు. ఈ రంగంలో ఇది మామూలు. మెకానికల్ ఇంజినీరింగ్ శాఖలో పీహెచ్‌డీ, ఆ పైన పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన పని, ఆ పైన ఉద్యోగం అనేది రాజమార్గం. ఇంజినీరింగ్ టెక్నాలజీలో చాలాకాలం మాస్టర్స్ డిగ్రీ, ఫ్యాక్టరీ అనుభవం, చేతిలో లైసెన్సు ఉంటే చాలనుకునేవారు. ఏబెట్ టెక్నాలజీ కమిషన్ కూడా అధ్యాపకుల అర్హతలో చదువుతో పాటు వృత్తి అనుభవాన్నీ, వృత్తిపరమైన సర్టిఫికెట్లనూ లెక్కలోకి తీసుకుంటుంది. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ కావాలంటున్నాయి. పదేళ్ళు షాపు ఫ్లోర్ మీద గడిపిన మనిషి మళ్ళీ అయిదేళ్ళు కూర్చుని పీహెచ్‌డీ చేయడం తేలిక కాదు. ఈ నిబంధన గట్టిపడేకొద్దీ లేత్ శబ్దం చెవితో విని, టూల్ అరిగిందని చెప్పగలిగే గురువులు తగ్గిపోతారన్నది నా భయం.

చేరగానే అసిస్టెంట్ ప్రొఫెసర్. ఆరో ఏట పెద్ద పరీక్ష వస్తుంది, పేరు టెన్యూర్. 1940లో అమెరికా ప్రొఫెసర్ల సంఘం, కాలేజీల సంఘం కలిసి రాసుకున్న ఒడంబడికలో ప్రొబేషన్ ఏడేళ్ళు మించకూడదని ఉంది. అందుకే ఆరో ఏట దస్త్రం పెడతారు. గెలిస్తే అసోసియేట్ ప్రొఫెసర్, సరైన కారణం లేకుండా తీసెయ్యలేని ఉద్యోగం. ఓడితే మామూలుగా ఒక్క ఏడాది గడువిచ్చి పంపేస్తారు. ఇంకో అయిదారేళ్ళకో పదేళ్ళకో ప్రొఫెసర్. కొందరు అసోసియేట్‌గానే రిటైరవుతారు.

ఆ దస్త్రానికి మూడు అరలు: బోధన, పరిశోధన, సర్వీస్. బోధన గురించి ఒక లెక్క చెబుతాను. బోధన మీద నడిచే యూనివర్సిటీల్లో సెమిస్టరుకు నాలుగు కోర్సులు చెప్పడం ఉంటుంది. ల్యాబ్ ఉన్న కోర్సులో వారానికి రెండు గంటల పాఠం, మూడు గంటల ల్యాబ్. నిలబడి చేసే పని అయిదు గంటలైనా, క్రెడిట్ల లెక్కలో అది మూడే. ల్యాబ్‌కు ముందు మెషిన్లు సిద్ధం చేయడం, తర్వాత శుభ్రం చేయించడం, విరిగిన టూల్ స్థానంలో కొత్తది తెప్పించడం ఏ లెక్కలోకీ రావు. మా ప్రొఫెసర్ ఆదివారం సాయంత్రాలు ల్యాబ్‌లో ఉండేవాడు. సోమవారం ఉదయం తరగతికి కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషినులో కూలెంట్ నిండుగా ఉండాలని ఆయన పట్టుదల.

పరిశోధన అర దగ్గర పేచీ ఉంది. పక్క శాఖవాళ్ళు పత్రాల సంఖ్య చూపిస్తారు. ఈయన ఒక ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసేటప్పుడు భాగాలను పట్టి ఉంచే ఫిక్స్చర్ మార్చి, తుక్కుకు పోయే భాగాలు తగ్గించి ఉంటాడు, అది పత్రంగా రాదు. కార్నెగీ ఫౌండేషన్‌కు చెందిన ఎర్నెస్ట్ బోయర్ 1990లో ఈ చిక్కు గురించే రాశాడు. కొత్తది కనిపెట్టడం ఒక్కటే పాండిత్యం కాదనీ, తెలిసినవాటిని కలిపి చూడటం, సమస్యలకు అన్వయించడం, బోధించడం కూడా పాండిత్యమేననీ వాదించాడు. ఇంజినీరింగ్ టెక్నాలజీ శాఖలు తమ టెన్యూర్ నిబంధనలు రాసుకునేటప్పుడు ఆసరా తీసుకునే వాదాల్లో ఇది ముఖ్యమైనది.

ఆ ఐదు పేజీలు

సర్వీసు అన్న మాట మనల్ని దారి తప్పిస్తుంది. మన దగ్గర బండికి సర్వీసింగ్ చేయిస్తాం. మేష్టారికి ముప్పై ఏళ్ళ సర్వీసు ఉందంటాం. సేవ అని తెలుగు చేస్తే దానధర్మం లాగా వినిపిస్తుంది. ప్రొఫెసర్ బయోడేటాలో ఉన్న సర్వీస్ ఈ మూడూ కాదు. విడిగా జీతం రాని, అయినా ఉద్యోగంలో భాగమైన, అందరూ కలిసి మొయ్యాల్సిన పని అది. ఊరి చెరువు పూడిక తీయడానికి ఇంటికొక మనిషి వెళ్ళడం లాంటిది.

ఆ పేజీల్లో ఎక్కువ చోటు ఆక్రమించింది ఏబెట్ ప్రోగ్రాం ఎవాల్యుయేటర్ అన్న పంక్తి. ఒక కోర్సుకు గరిష్ఠంగా ఆరేళ్ళకొకసారి పూర్తి తనిఖీ జరుగుతుంది. ముందుగా ఆ శాఖ తన గురించి తాను వందల పేజీల స్వీయ అధ్యయనం రాసి పంపాలి. తర్వాత వేరే యూనివర్సిటీ నుంచో పరిశ్రమ నుంచో ఎవాల్యుయేటర్లు వస్తారు. మామూలుగా ఆదివారం మొదలై మంగళవారంతో ముగుస్తుంది. వాళ్ళకు టికెట్టు, హోటలు ఖర్చు ఇస్తారు, ఫీజు ఉండదు. తన తరగతులు ఇంకొకరికి అప్పజెప్పి, ముందు నెలల్లో రాత్రుళ్ళు ఆ నివేదిక చదివి వస్తారు. మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీకి ఎవాల్యుయేటర్లను ఎంపిక చేసి పంపేది ఏఎస్ఎంఈ అనే మెకానికల్ ఇంజినీర్ల సంఘం.

నేనున్న ఏడాదే మా శాఖకు తనిఖీ వచ్చింది. మన కాలేజీల్లో తనిఖీ అంటే గోడలకు సున్నం, గుమ్మాలకు తోరణాలు చూసి పెరిగినవాణ్ణి నేను. అక్కడ అడిగినవి వేరు. మంచి మార్కులు వచ్చిన రిపోర్టులతో పాటు అత్తెసరు మార్కుల రిపోర్టులు కూడా బల్ల మీద పెట్టమన్నారు. బొటాబొటి మార్కులతో గట్టెక్కినవాడికి ఎంత వచ్చు అన్నదే కోర్సు అసలు మట్టం కదా. వచ్చినావిడ లోహాన్ని లాగి బలం కొలిచే టెన్సైల్ టెస్టింగ్ మెషిను దగ్గర ఆగి, దాని కొలతలు సరిచూసిన కాలిబ్రేషన్ తేదీ చూసింది. తర్వాత మమ్మల్నందరినీ బయటికి పంపి, విద్యార్థులతో విడిగా గంటసేపు మాట్లాడింది. వెళ్ళేముందు లోపాలు చదివి వినిపించారు. వాటికి మూడు తరగతులు ఉంటాయి: నిబంధన అసలే పాటించకపోతే ఒకటి, పాటింపు బలహీనంగా ఉంటే ఒకటి, ఇప్పుడు సరిగ్గానే ఉన్నా రేపు జారిపోవచ్చనిపిస్తే ఇంకొకటి. మాకు మూడోది ఒకటి వచ్చింది, ల్యాబ్ టెక్నీషియన్ ఒక్కడే ఉన్నాడని. మా ప్రొఫెసర్ డీన్‌ను రెండేళ్ళుగా అడుగుతున్నా రాని పోస్టు ఆ ఒక్క పంక్తితో వచ్చింది.

ప్రపంచంలో 40కి పైగా దేశాల్లో 4 వేలకు పైగా కోర్సులకు ఏబెట్ గుర్తింపు ఉంది. ఆ తనిఖీల బరువంతా స్వచ్ఛందంగా వచ్చే ఇలాంటి వాళ్ళ భుజాల మీదే నడుస్తోంది.

రెండో పెద్ద అంశం పరిశ్రమతో పని. టెక్నాలజీ కోర్సుకు ఏబెట్ పెట్టే షరతుల్లో ఒకటి, విద్యార్థులను ఉద్యోగాల్లోకి తీసుకునే సంస్థల ప్రతినిధులతో సలహా సంఘం ఉండి తీరాలని. దాన్ని నడపడం ప్రొఫెసర్ సర్వీసే. నేను కూర్చున్న ఒక సమావేశంలో గేర్‌బాక్సుల కంపెనీ నుంచి వచ్చినాయన, మీ పిల్లలు త్రీడీ మోడల్ చక్కగా గీస్తున్నారు కానీ టాలరెన్సు ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో తెలియడం లేదని చెప్పాడు. అనవసరంగా బిగించిన ప్రతి టాలరెన్సుకూ మెషినింగ్ ఖర్చు పెరుగుతుంది. మరుసటి సెమిస్టరు నుంచే డ్రాయింగు కోర్సులో ఆ పాఠం రెండు వారాల నుంచి అయిదు వారాలకు పెరిగింది. సిలబస్ మారడానికి మన దగ్గర ఎన్నేళ్ళు పడుతుందో తెలిసినవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఈ వరసలోనే ప్రభుత్వ కార్యక్రమం ఒకటి ఉంది. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1976లో, అమెరికా ప్రభుత్వం, తర్వాత ఇండస్ట్రియల్ అసెస్‌మెంట్ సెంటర్లుగా పేరొందిన కేంద్రాలను మొదలుపెట్టింది. యూనివర్సిటీ ప్రొఫెసర్లు విద్యార్థులను వెంటబెట్టుకుని చిన్న, మధ్య తరహా ఫ్యాక్టరీలకు వెళ్ళి, కరెంటూ గ్యాసూ ఎక్కడ వృథా అవుతున్నాయో ఉచితంగా చూసి చెబుతూ వచ్చారు. ఇప్పటిదాకా 20 వేలకు పైగా ఫ్యాక్టరీ తనిఖీలు జరిగాయి. వాళ్ళకు తరచుగా దొరికే దొంగ కంప్రెషర్ గాలి లీకు. సరిగ్గా చూసుకోని ఫ్యాక్టరీలో కంప్రెషర్ తయారుచేసే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుంది. 100 పీఎస్ఐ పీడనం ఉన్న లైనులో పావు అంగుళం రంధ్రం ఉంటే నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి పోతుంది. అంత గాలి తయారుచేయడానికి సుమారు 18 కిలోవాట్లు కావాలి. పగలూ రాత్రీ నడిచే ఫ్యాక్టరీలో అది రోజుకు 430 యూనిట్ల పైమాటే. చిటికెన వేలు కూడా దూరని రంధ్రం అది. ఆ లీకు వెతకడం నేర్చుకున్న విద్యార్థికి థర్మోడైనమిక్స్ జన్మలో మరిచిపోవడం కుదరదు. ఈ పనిని ఏ అరలో వెయ్యాలి? విద్యార్థి నేర్చుకున్నాడు కాబట్టి బోధన. కొలతలు, విశ్లేషణ ఉన్నాయి కాబట్టి పరిశోధన. ఫ్యాక్టరీవాడి దగ్గర పైసా తీసుకోలేదు కాబట్టి సర్వీస్. మూడు అరలూ గోడలు లేకుండా కలిసిపోయే చోటు ఇది.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఊళ్ళోని రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చే పిల్లలకు క్రెడిట్లు వృథా పోకుండా ఒప్పందాలు రాయడం ఉంది. మన ఈసెట్ లాంటిదే, కాకపోతే ప్రవేశ పరీక్ష స్థానంలో కోర్సుకు కోర్సు సరిపోల్చి రాస్తారు. పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ళకూ, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళకూ, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళకూ చాలాచోట్ల ఈ కోర్సే దారి, ఆ దారి తెరిచి ఉంచేవి ఈ ఒప్పందాలే. 1976 నుంచి జరుగుతున్న బాహా అనే గతుకుదారి బండ్ల పోటీలకు విద్యార్థులు బండి కట్టేటప్పుడు పక్కన నిలబడటం ఉంది. పాఠశాల పిల్లల రోబో పోటీలకు శనివారాలు న్యాయనిర్ణేతగా వెళ్ళడం, ఏఎస్ఎంఈ ప్రమాణాల కమిటీల్లో కూర్చోవడం ఉన్నాయి.

ఇంత ఉన్నా, టెన్యూర్ దస్త్రంలో మూడో అరకు దక్కే తూకం అన్నిటికంటే తక్కువ. కొత్తగా చేరినవాళ్ళకు పెద్దలు చెప్పే మొదటి సలహా, కమిటీలకు వద్దని చెప్పడం నేర్చుకో అని. సలహా ఇచ్చేవాళ్ళను తప్పుపట్టను, ఆరో ఏట ఆ కుర్రవాడి ఉద్యోగం నిలబడాలి కదా. కానీ ఒకరు వద్దన్న పని మాయమైపోదు. ఇంకొకరి బల్ల మీదికి చేరుతుంది. అది ఎక్కువగా మహిళా అధ్యాపకుల మీద పడుతోందని అమెరికాలో అధ్యయనాలు చూపించాయి. పెద్ద ఇంజినీరింగ్ శాఖలో ఇరవై ముప్పై మంది ఉంటారు, ఒకరిద్దరు తప్పుకున్నా బండి నడుస్తుంది. అయిదారుగురు ఉండే టెక్నాలజీ శాఖలో ఒక్కరు తప్పుకుంటే సలహా సంఘం ఆగిపోతుంది, స్వీయ అధ్యయనం ఆలస్యమవుతుంది, గుర్తింపు మీదికి వస్తుంది. గుర్తింపు పోతే విద్యార్థి లైసెన్సు దారి కష్టమవుతుంది. తనిఖీలూ పరిశ్రమల సలహాలూ ఆధారంగా నిలబడ్డ రంగం, ఆ రెండూ చేసే మనిషికి తక్కువ మార్కులు వేయడం నాకు ఎప్పటికీ న్యాయంగా తోచదు. సర్వీసును పత్రాలతో సమానంగా తూచమని నేను అనను. దాని ఫలితం చూసి తూచమంటాను. మా సలహా సంఘం మార్చిన ఆ డ్రాయింగు కోర్సులాంటి ఫలితం.

ఇలాంటి పని చేసే గురువులు మనకూ ఉన్నారు. నేను డిప్లొమా చదివిన పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ లెక్చరర్ ఒకాయన సెలవుల్లో మమ్మల్ని ఆటోనగర్ తీసుకెళ్ళి, క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగ్ దగ్గర గంటలకొద్దీ నిలబెట్టేవాడు. షాపు యజమానులకు డ్రాయింగులు ఊరికే గీసిచ్చేవాడు, బదులుగా మాకు పాత గేర్లూ బేరింగులూ అడిగి తెచ్చేవాడు. ఆ పనికి ఏ ఫారంలోనూ గడి లేదు. ప్రమోషన్ కాగితాల్లో రాసుకోవడానికి పేరు కూడా లేదు. అమెరికాలో తూకం తక్కువైనా, కనీసం అరకు పేరుంది, ఐదు పేజీలు రాసుకునే చోటుంది.

తమ్ముడికి ఇదంతా చెప్పి, నాలుగు ప్రశ్నలు అడగమన్నాను. ఆ శాఖ బ్యాచిలర్స్ కోర్సుకు ఏబెట్‌లో ఏ కమిషన్ గుర్తింపు ఉంది, సలహా సంఘంలో ఏ కంపెనీలు ఉన్నాయి, కిందటేడు వాళ్ళు చెప్పినదాంట్లో సిలబస్‌లోకి ఏది వచ్చింది, ల్యాబ్‌లో మెషిన్ల మీద విద్యార్థులకు వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి. ఆ ప్రొఫెసర్ నాలుగింటికీ మరునాడే జవాబు రాశాడు. మూడో ప్రశ్నకు ఆయన రాసిందే ఒక పేజీ ఉంది. తమ్ముడు చేరాడు.

మొన్న ఒక శనివారం ల్యాబ్ నుంచి ఫోన్ చేసి, బాబాయిని కూడా కలిపాడు. అక్కడా బోల్టు ప్రయోగమే. "నాన్నా, నూనె రాస్తే అదే బిగువు రావడానికి 84 బదులు 63 చాలని లెక్కలో తేలింది" అన్నాడు. అటు పక్క లేత్ తిరుగుతున్న శబ్దం వినిపిస్తోంది. బాబాయి దాన్ని ఆపి అన్నాడు: "పావు వంతు తగ్గించమని నీకు పదో తరగతి సెలవుల్లోనే చెప్పాను కదరా. ఎందుకో ఇప్పుడు చెప్పు, విందాం."